నన్నడిగాకే లారీ కదలాలి

నేను ఆరేడు సెంటీమీటర్ల పొడవు, నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు ఉండే పరీక్ష పట్టీని. ఆహారంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉందో లేదో చెప్పడానికి పుట్టాను. నాకు ఒక చివర నమూనా చుక్కలను పీల్చుకునే మెత్తటి అట్ట, దాని పక్కనే బంగారు రేణువులను ఎండబెట్టిన చిన్న ముక్క, మధ్యలో తెల్లటి నైట్రోసెల్యులోజ్ పొర, రెండో చివర మిగిలిన తడిని లాగేసుకునే మరో అట్ట ఉంటాయి. బంగారు రేణువులు నలభై నానోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. అంత చిన్నవైనప్పుడు బంగారం పసుపుగా కాక ముదురు ఎరుపుగా కనబడుతుంది. ఒక్కో రేణువుకు సాల్మొనెల్లాను పట్టుకునే యాంటీబాడీలు అంటించి ఉంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు నాలోని పొర నమూనా ద్రవాన్ని ముందుకు లాగుతుంది. ద్రవంలో సాల్మొనెల్లా ఉంటే దాన్ని పట్టుకున్న బంగారు రేణువులు పొర మధ్యలో గీసి ఉంచిన యాంటీబాడీల గీత దగ్గర చిక్కుకుపోతాయి, అక్కడ ఎర్రగీత తేలుతుంది. దానికి పైన ఇంకో గీత ఉంటుంది. ద్రవం చివరిదాకా నడిచిందని, నేను చెడిపోలేదని చెప్పడం దాని పని. ఆ గీత రాకపోతే నా మాటను నమ్మకూడదు. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది కాబట్టే జనం నన్ను కొంటారు. నేను మాత్రం నా విలువను ఆ నిమిషాలతో లెక్కకట్టను. నా జవాబు వచ్చేదాకా సరుకు గోదాములో ఆగిందా, అప్పటికే లారీ ఎక్కి వెళ్లిపోయిందా అన్నదే నాకు ముఖ్యం. నా కథంతా ఈ ఒక్క వాదన చుట్టూనే తిరుగుతుంది.

మా వంశం మరీ పాతదేమీ కాదు. 1950ల చివర్లో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ రక్తంలోని ఇన్సులిన్‌ను కొలవడానికి రేడియోధార్మిక పదార్థంతో పాటు యాంటీబాడీలను పనిలో పెట్టారు. ఆ కృషికి యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. 1971లో స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మాన్ రేడియోధార్మిక పదార్థానికి బదులు ఎంజైమును వాడి ఎలైసా పరీక్షను తెచ్చారు. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసుకునే దారి కనిపెట్టారు. 1988లో బ్రిటన్‌లో నా రూపంలోనే ఉన్న గర్భనిర్ధారణ పట్టీ దుకాణాలకు చేరింది. కోవిడ్ కాలంలో మీ ఇళ్లలో మేజా మీద పెట్టుకుని గీతల కోసం ఎదురుచూసిన కిట్టు కూడా మా కుటుంబానిదే. చాలామంది నన్ను ఆ కిట్టులాగే అనుకుంటారు. చుక్కలు వేస్తే చాలు, జవాబు వచ్చేస్తుందనుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

కోవిడ్ సోకినవారి ముక్కులో వైరస్ లక్షల్లో, కోట్లలో ఉంటుంది. ఆహారంలో పరిస్థితి వేరు. 25 గ్రాముల నమూనాలో ఒక్క సాల్మొనెల్లా కణం కూడా ఉండకూడదని ప్రమాణాలు అడుగుతాయి. నా కంటికి ఆనాలంటే మాత్రం ఒక మిల్లీలీటరులో లక్ష నుంచి పది లక్షల కణాలుండాలి. ఈ అగాధాన్ని పూడ్చడానికి ఒకటే మార్గం, ఉన్న ఆ ఒక్క కణాన్నీ పెంచడం. 25 గ్రాముల మాంసాన్నో రొయ్యలనో 225 మిల్లీలీటర్ల పోషక ద్రవంలో కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే కణం 250 మిల్లీలీటర్లలో మిల్లీలీటరుకు లక్ష చొప్పున, అంటే మొత్తం రెండున్నర కోట్లు కావడానికి పాతికసార్లు రెట్టింపు కావాలి. దానికే ఎనిమిది గంటలు దాటుతుంది. పైగా ఫ్రీజరు చలికో, ఉప్పుకో, వేడికో దెబ్బతిన్న కణం వెంటనే విభజన మొదలుపెట్టదు. కోలుకోవడానికే కొన్ని గంటలు తీసుకుంటుంది. అందుకని ఈరోజు తీసిన నమూనాకు నా జవాబు రేపు వస్తుంది. నా పెట్టె మీద పదిహేను నిమిషాలని పెద్ద అక్షరాల్లో అచ్చువేసేవారు, అంతకుముందు పెంచడానికి పట్టే గంటలను కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. అది వేయకపోతే కొనేవారిని మోసం చేసినట్టే.

అలాగని నా వల్ల మిగిలే సమయం చిన్నదేమీ కాదు. సంప్రదాయ కల్చర్ పద్ధతిలో నమూనాను మొదట మామూలు ద్రవంలో, తర్వాత ఇతర బ్యాక్టీరియాను అణచే ద్రవాల్లో, ఆ తర్వాత పళ్లేల్లో పెంచి, అనుమానాస్పదమైన మచ్చలను విడిగా నిర్ధారించాలి. ఏమీ లేదని చెప్పడానికే మూడు రోజులు పడుతుంది, ఉందని తేల్చడానికి ఐదు రోజులు. శుభ్రం చేసి చల్లగా ఉంచిన కోడిమాంసానికి అమ్ముడుపోయే ఆయుష్షే కొన్ని రోజులు. దాన్ని ఐదు రోజులు ఆపమంటే ఏ వ్యాపారీ ఒప్పుకోడు. కాబట్టి నమూనా ల్యాబుకు, సరుకు మార్కెట్టుకు ఒకే రోజు బయల్దేరతాయి. జవాబు వచ్చేసరికి ఆ మాంసం జనం కడుపుల్లో ఉంటుంది. అలాంటి జవాబు చరిత్రకారుడికి పనికొస్తుంది, తినేవాడికి పనికిరాదు. ఒక్క రోజు ఆగడం మాత్రం చాలా సరుకులకు సాధ్యమే. నేను తెచ్చిన మార్పు ఇదొక్కటే.

ఈ ఒక్క రోజు ఆపడానికి అమెరికాకు ఇరవై ఏళ్లు పట్టింది. 1993లో ఆ దేశపు పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల ఈ.కోలి ఓ157:హెచ్7 వ్యాపించి 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఈ బ్యాక్టీరియా వంద కణాల లోపు కడుపులోకి వెళ్లినా చాలు, పిల్లల మూత్రపిండాలను పాడుచేయగలదు. 1994లో అమెరికా వ్యవసాయ శాఖ ఖైమాలో ఈ రకం ఉంటే దాన్ని కల్తీ సరుకుగా లెక్కిస్తామని ప్రకటించింది. పరీక్షలు పెరిగాయి, నాలాంటి పట్టీలకు గిరాకీ పెరిగింది. అయినా నమూనా తీశాక ఫలితం వచ్చేలోపు సరుకును పంపేయడం చాలాకాలం సాగింది. తర్వాత పాజిటివ్ అని తేలితే టన్నులకొద్దీ మాంసాన్ని దుకాణాల నుంచి, ఇళ్ల నుంచి వెనక్కి పిలిపించేవారు. అందులో తిరిగి వచ్చేది ఎప్పుడూ కొంతే. నమూనా తీసిన బ్యాచ్‌కు ఫలితం వచ్చేదాకా కదలకూడదన్న నిబంధన 2013లో గానీ అమల్లోకి రాలేదు. 1994కు, 2013కు మధ్య పరీక్షల శాస్త్రం బోలెడు ముందుకెళ్లింది. సరుకును ఆపిన ఘనత మాత్రం ఆ శాస్త్రానిది కాదు, ఒక నిబంధనది. నన్ను తయారుచేసేవారికి ఇది రుచించకపోవచ్చు, కానీ నేను చెప్పదలచుకున్నదానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు.

నా మీద వచ్చే ఆక్షేపణల్లో అన్నిటికంటే గట్టిది ఒకటుంది. పరీక్షలు చేసినంత మాత్రాన ఆహారం సురక్షితం కాదని అంటారు. ఇది నిజం, లెక్కతో సహా నిజం. ఒక బ్యాచ్‌లో నూటికి ఒక ముక్కకు బ్యాక్టీరియా అంటిందనుకుందాం. అమెరికాలో మాంసానికి వాడే పద్ధతిలో అరవై ముక్కలు తీసి పరీక్షించినా, ఆ అరవైలో ఒక్కటీ చెడ్డది తగలకపోవడానికి అవకాశం 55 శాతం. అంటే సగానికి పైగా సందర్భాల్లో నేను ఏమీ లేదనే అంటాను. నేను అబద్ధమాడినట్టు కాదు, నా దగ్గరికి ఆ ముక్క రాలేదు. నూటికి ఐదు ముక్కలు చెడితే ఆ అవకాశం ఐదు శాతం లోపుకు పడిపోతుంది. అంటే కాలుష్యం ఎంత తక్కువైతే నేను అంత గుడ్డిదాన్ని. 1960ల్లో వ్యోమగాముల భోజనం తయారుచేస్తున్నప్పుడు పిల్స్‌బరీ సంస్థకు, నాసాకు ఇదే లెక్క ఎదురైంది. తుది సరుకును పరీక్షించి భరోసా ఇవ్వాలంటే బ్యాచ్‌లో అత్యధిక భాగం పరీక్షలకే ఖర్చవుతుంది. అందుకే వాళ్లు ప్రమాదం ఎక్కడ ప్రవేశిస్తుందో ముందే గుర్తించి, ఆ మెట్టు దగ్గరే ఉష్ణోగ్రతను, సమయాన్ని, శుభ్రతను అదుపులో పెట్టే హాసప్ పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. పాలను 72 డిగ్రీల వద్ద పదిహేను సెకన్లు కాచి చల్లార్చే పాశ్చరైజేషన్ చేసే మేలును నాలాంటి పట్టీలు లక్ష కలిసినా చేయలేవు.

అయితే ఈ ఆక్షేపణ నన్ను పక్కన పెట్టమనడం లేదు, నా చోటు మార్చమంటోంది. ప్యాక్ చేసిన సరుకు మీద కంటే డ్రైనేజీ జాలీ మీద, కోత యంత్రపు బ్లేడు వెనక, ఐస్ గదిలో, కన్వేయరు బెల్టు అతుకులో నాకు పని ఎక్కువ. బ్యాక్టీరియా కాపురం పెట్టేది అక్కడే కాబట్టి అక్కడ తీసిన స్వాబ్ నాకు చెప్పేది చాలా ఉంటుంది. 2008లో కెనడాలో టొరాంటోలోని ఒక మాంసం కర్మాగారంలో లిస్టీరియా అనే బ్యాక్టీరియా కోత యంత్రాల లోపలి భాగాల్లో చేరింది. ఆ ముక్కలు తిన్నవారిలో 20 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. ఫ్రిజ్ చలిలో కూడా పెరగగలగడం లిస్టీరియా ప్రత్యేకత. ప్రభుత్వం తరఫున షీలా వెదరిల్ జరిపిన విచారణలో ఒక సంగతి తేలింది. ఆ దుర్ఘటనకు ముందు నెలల్లోనే కర్మాగారంలోని స్వాబ్‌లు మళ్లీమళ్లీ పాజిటివ్ వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ ఆ చోటు కడిగారు, తర్వాతి స్వాబ్ బాగుంటే సరిపోయిందనుకున్నారు. ఆ ఫలితాలన్నిటినీ ఒక వరసలో పెట్టి చూసినవారు లేరు, వాటిని తనిఖీ అధికారులకు చెప్పితీరాలన్న నిబంధనా లేదు. పరీక్ష తన పని తాను చేసింది. విన్నవారు మాత్రం ప్రతి జవాబునూ విడిగా విన్నారు. ఇలాంటిచోట నన్ను ఇంకా వేగంగా చేస్తే ఒరిగేదేమీ లేదు.

ఇంకో ఆక్షేపణ, నాకు నేర్పినదే నాకు తెలుస్తుందని. ఇదీ నిజమే. 2011 మే నెలలో జర్మనీలో రక్తవిరేచనాలతో, మూత్రపిండాలు దెబ్బతిని జనం ఆసుపత్రుల్లో చేరసాగారు. ఆ వేసవిలో అక్కడ 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. కారణం ఈ.కోలియే గానీ, అందరూ వెతికే ఓ157 కాదు, అరుదైన ఓ104:హెచ్4. ఓ157ను సార్బిటాల్ అనే చక్కెర కలిపిన పళ్లెంలో రంగు తేడాతో పట్టుకుంటారు. కొత్తది ఆ చక్కెరను తినేసి మామూలు ఈ.కోలిలాగే కనిపించింది. ఓ157 కోసం తయారైన నా తోబుట్టువు ముందు ఆ నమూనా పెట్టి ఉంటే గీత వచ్చేదే కాదు. మే 26న హాంబర్గ్ అధికారులు స్పెయిన్ దోసకాయలను అనుమానించారు. వాటి మీద ఈ.కోలి దొరికిన మాట వాస్తవమే గానీ అది జబ్బు చేసిన రకం కాదని కొద్దిరోజుల్లోనే తేలింది. అప్పటికే స్పెయిన్ రైతులు కోసిన కూరగాయలను పారబోసుకోవలసి వచ్చింది. చివరికి దోషి ఎలా దొరికిందో గమనించండి. జబ్బుపడినవారు ఎక్కడెక్కడ తిన్నారో, ఆ హోటళ్లకు ఏ సరుకు ఎవరు సరఫరా చేశారో కాగితాలన్నీ తిరగేస్తే, 41 చోట్ల వచ్చిన కేసులు దిగువ సాక్సనీలోని ఒకే మొలకల క్షేత్రం దగ్గర కలిశాయి. అక్కడ మొలకెత్తించిన మెంతులు ఈజిప్టు నుంచి వచ్చినవి. ఆ మెంతుల్లో బ్యాక్టీరియా ఏ పరీక్షకూ చిక్కనేలేదు. వ్యాధిమూలాన్ని పట్టించినవి బిల్లులు, డెలివరీ పుస్తకాలు. నేను లేదంటే ఏమీ లేదని అర్థం కాదు, నేను వెతికినది నా ముందుకు వచ్చిన నమూనాలో కనబడలేదని మాత్రమే అర్థం. నా నెగటివ్ జవాబును ధ్రువపత్రంలా ఫ్రేము కట్టి గోడకు తగిలించే సంస్థలు ఈ ఉదంతాన్ని మరిచిపోకూడదు.

వ్యాధుల ఆచూకీ తీసేవారికి నా మీద మరో ఫిర్యాదు ఉంది. నేను ఉందో లేదో చెబుతాను గానీ బతికున్న బ్యాక్టీరియాను వారి చేతిలో పెట్టలేను. 1996 నుంచి అమెరికాలో పల్స్‌నెట్ అనే ల్యాబుల సముదాయం వేర్వేరు రాష్ట్రాల రోగుల నుంచి వచ్చిన బ్యాక్టీరియా జన్యు ముద్రలను పోల్చి, చెల్లాచెదురుగా ఉన్న కేసులు ఒకే మూలం నుంచి వచ్చాయని గుర్తిస్తోంది. దానికి సజీవమైన కల్చర్ కావాలి. అందరూ నాతోనే సరిపెట్టుకుంటే ఆ పోలిక తెగిపోతుంది. ఈ ఫిర్యాదుకు పరిష్కారం ఉంది, కష్టమైనదీ కాదు. నా మీద గీత వస్తే నమూనా పెంచిన సీసాను పారేయకుండా అదే రోజు కల్చర్ ల్యాబుకు పంపాలి. నా జవాబుతో సరుకు ఆగాలి, ల్యాబు జవాబుతో నేరం రుజువు కావాలి. నేను చచ్చిన కణాలను కూడా కొన్నిసార్లు గుర్తిస్తాను, దగ్గరి బంధువులను చూసి పొరపడతాను. కాబట్టి నా మాట మీద సరుకును ఆపడం న్యాయం, నాశనం చేయడం న్యాయం కాదు.

ఇక అక్కడికక్కడే పరీక్ష అన్న మాటలోనే ఒక ప్రమాదం దాగుంది. నమూనాను పెంచడమంటే తినే వస్తువు తయారయ్యే ఆవరణలోనే రోగకారకాన్ని కోట్లకు పెంచడం. ఆ సీసా పగిలితే, దాన్ని పట్టుకున్న చేతులు ప్యాకింగు గదిలోకి వెళితే, నేనే కాలుష్యానికి దారి తీసినదాన్నవుతాను. విడి గది, విడి కోటు, పని ముగిశాక 121 డిగ్రీల ఆటోక్లేవ్ లేనిచోట పెంచే పని చేయకూడదు. నమూనాను దగ్గరి ల్యాబుకు పంపడమే మేలు. కాబట్టి దోసెల బండి దగ్గరా, మిర్చిబజ్జీల బండి దగ్గరా సాల్మొనెల్లా పట్టీ పెట్టమనడం నాకు నచ్చదు. అక్కడ కావలసింది మంచినీటి కొళాయి, సబ్బు, వేడివేడిగా వడ్డించే అలవాటు. పొద్దున వండిన అన్నాన్ని సాయంత్రం దాకా గది వేడిలో ఉంచితే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా అందులో విషం తయారుచేయగలదు. వాంతులు కలిగించే ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. హాస్టల్ వంటశాలలో దాన్ని అడ్డుకోవడానికి నాకంటే ఒక థర్మామీటరు, గడియారం ఎక్కువ ఉపయోగం. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ప్రతి షవర్మా దుకాణంలో పరీక్ష పెట్టే బదులు ప్రమాదం ప్రవేశించే ద్వారాన్నే మూయడం సరైన వరస అని నా అభిప్రాయం. అక్కడ నా అవసరం లేకపోవడం నాకు సంతోషమే.

నా అవసరం ఉన్నది ఒక చోట తయారై వేలమందికి చేరే సరుకు దగ్గర. భీమవరం, నెల్లూరు, విశాఖ ప్రాంతాల రొయ్యల ప్లాంట్లను తీసుకోండి. గడ్డకట్టించిన రొయ్య నెలల తరబడి నిల్వ ఉంటుంది, ఓడలో వారాలు ప్రయాణిస్తుంది. కంటైనరు కోసం ఐదు రోజుల కల్చర్ ఫలితాన్ని నిశ్చింతగా ఆగి చూడవచ్చు, అక్కడ నా తొందర అక్కర్లేదు. అయితే సాల్మొనెల్లా ఉందని అమెరికా రేవులో కన్‌సైన్‌మెంటును తిప్పిపంపితే నష్టం ప్లాంటుతో ఆగదు, చెరువు గట్టున ధర పడిపోయిన రైతు దాకా వస్తుంది. ఆ నష్టం మొదలయ్యేది చెరువు నుంచి వచ్చిన సరుకు దిగేచోట, తలలు తీసే బల్లల మీద, ఐసులో, నీటిలో. ఆ చోట్ల రోజూ స్వాబ్ తీసి మర్నాడు నా జవాబు చూస్తే ఏ బల్లను కడగాలో, ఏ ఐసు ఫ్యాక్టరీని మార్చాలో ఆ వారంలోనే తెలుస్తుంది. ఖర్చెక్కువని అంటారు. ఒక్కో ప్లాంటు విడిగా భరిస్తే ఎక్కువే కావచ్చు. పక్కపక్కన ఉన్న చిన్న యూనిట్లు కలిసి ఒక పరీక్ష గదిని నడుపుకుంటే ఆ భారం తగ్గుతుంది.

డబ్బు కంటే పెద్ద అడ్డంకి అధికారం. నా గీతను చూసేది రాత్రి షిఫ్టులో ఉన్న ల్యాబ్ టెక్నీషియన్. లారీ కదలాలో వద్దో నిర్ణయించేది ఆర్డరు గడువు నెత్తిమీదున్న ప్రొడక్షన్ మేనేజరు. ఈ ఇద్దరి మధ్య మాట తేడా వస్తే ఎవరిది చెల్లుతుందో ముందే కాగితం మీద రాసి ఉండాలి, క్వాలిటీ విభాగం సంతకం లేని బ్యాచ్‌కు గేటు పాసు రాకూడదు. తనిఖీకి వచ్చే అధికారులు కూడా తమ అలవాటు మార్చుకోవాలి. తనకు తానుగా స్వాబ్ తీసి, పాజిటివ్ చూసి, లైను ఆపి, పుస్తకంలో రాసుకున్న ప్లాంటును ఆ రాతనే సాక్ష్యంగా పెట్టుకుని శిక్షిస్తే, రేపటి నుంచి స్వాబ్‌లు పొడిగా, శుభ్రంగా ఉన్న గోడల మీద నుంచే వస్తాయి, నేను ఎప్పుడూ ఒకే గీత చూపిస్తాను. లిస్టీరియా లాంటిది తడి నేల ఉన్న ప్రతి కర్మాగారంలోనూ ఏదో ఒక రోజు కనబడి తీరుతుంది. ఏడాది పొడవునా డ్రైనేజీ స్వాబ్‌లన్నీ నెగటివ్ అని రాసి ఉన్న పుస్తకం కనిపిస్తే, అధికారి మెచ్చుకుని సంతకం పెట్టి వెళ్లిపోకూడదు. ఆ స్వాబ్‌లు ఎక్కడ, ఏ వేళకు, కడగకముందు తీశారా కడిగాక తీశారా అని అడిగి, తన ఎదురుగా మరోసారి తీయించాలి.